టైటన్ కోడలి అప్పగింతలు

పెళ్ళికూతురి హెల్మెట్‌కి బాసికం కట్టలేక శేషారత్నం విసిగిపోయింది. నుదుటికైతే చిటికెలో కట్టేసేది. గుండ్రటి గాజు మీద దారం నిలవడం లేదు. జారి జారి ముక్కు దగ్గరికొచ్చి వేలాడుతోంది.

"లోపలే కట్టేయండి రత్నంగారూ, గాజులోంచి కనపడుతుందిగా" అన్నాడు డైరెక్టర్ గిరిధర్ మైకులోంచి.

"లోపల కడితే ఊపిరికి చెమ్మగిల్లి రంగు దిగుతోందండీ. నిన్న ఆ అమ్మాయి ముక్కంతా పచ్చగా అయింది."

"టైటన్ మీద అంతేనేమో అనుకుంటారులెండి జనం."

సెట్లో నలుగురు నీరసంగా నవ్వారు. ఆ నవ్వులో కూడా ఓపిక లేదు. 'చుక్కల్లో చుట్టరికం' సీరియల్ మొదలైన దగ్గర్నుంచీ ఎవరికీ ఆదివారమన్నది లేదు.

కథ చిన్నదే. ధరణి అనే భూలోకపు పిల్లకి, శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ మీద పుట్టి పెరిగిన కుర్రాడితో పెద్దవాళ్ళు సంబంధం కుదిర్చారు. పెళ్ళిచూపుల నాడు ఇక్కడి మాట అక్కడికి చేరడానికి గంటకు పైగా పట్టింది. "అమ్మాయికి పాట వచ్చా?" అని అవతలివాళ్ళు అడిగింది వినపడేసరికి ఇక్కడ ఉప్మా చల్లారి, పిల్ల మేనమామ కునుకు తీస్తున్నాడు. జాతకాల దగ్గర ఇంకో పేచీ వచ్చింది. శని పక్కనే పుట్టినవాడికి శనిదోషం లెక్క ఎలా కట్టాలని సిద్ధాంతులు రెండు వర్గాలైపోయారు. జనం విరగబడి చూశారు. చివరికి పెళ్ళయింది. పెళ్ళికూతురు ఓడ ఎక్కాలి. ఎక్కితే మళ్ళీ రావడమనేది ఉండదు, ప్రయాణం ఒకవైపే. అంచేత ఈ అప్పగింతలు మామూలు అప్పగింతలు కావు.

ఇబ్బందల్లా ధరణి వేషం వేస్తున్న చైత్రతో వచ్చింది. హాసన్ నుంచి వచ్చిన కన్నడ పిల్ల. నవ్వితే సెట్టు వెలిగిపోయేది, ఏడవమంటే మాత్రం మొహం చెక్కలా పెట్టేది. గ్లిజరిన్ వేస్తే నీళ్ళు కారేవి, ఏడుపు కనిపించేది కాదు. ఆ సమయంలోనే ఛానల్‌వాళ్ళు డాక్టర్ మృణాళినిని వెంటబెట్టుకొచ్చారు.

ఆవిడ తన ల్యాబులో ఏళ్ళ తరబడి కష్టపడి 'వాహిని' అనే పరికరం తయారుచేసింది. చూడ్డానికి తలకి పెట్టుకునే రెండు పట్టీలు, మధ్యలో ఓ చిన్న పెట్టె. ఒకరు పట్టీ పెట్టుకుని తమ బతుకులో ఏదైనా తల్చుకుంటే, ఆ తల్చుకున్నప్పటి బాధో సంతోషమో రెండో పట్టీ పెట్టుకున్నవాళ్ళ గుండెలోకి వెళుతుంది. బొమ్మ వెళ్ళదు, పేరు వెళ్ళదు. ఒట్టి బాధే వెళుతుంది. మెదడుకి దెబ్బ తగిలి ఏదీ అనిపించని స్థితిలో ఉండిపోయినవాళ్ళ కోసం చేసిందట. ల్యాబు నడవడం కష్టమై టీవీవాళ్ళకి అరువిచ్చింది.

యూనిట్లో అందరికీ పట్టీ పెట్టి చూశారు. పెద్ద పెద్ద నటులకి కూడా తెర మీది గీత కొద్దిగా కదిలి ఊరుకుంది. చీరలు కట్టే రత్నానికి పెట్టి, "ఏదైనా ఒక ఎడబాటు తల్చుకోండమ్మా" అనగానే గీత తెర దాటిపోయింది. రెండో పట్టీ పెట్టుకుని కూర్చున్న చైత్ర వెక్కి వెక్కి ఏడ్చింది. మృణాళిని కంగారుగా పెట్టె ఆపేసింది.

"ఇందువల్ల నా దగ్గరున్నది పోతుందా అమ్మా?" అని అడిగింది రత్నం.

"పోదమ్మా. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు. మీదేమీ తరగదు." మృణాళిని అబద్ధం చెప్పలేదు. అప్పటికి ఆవిడ నమ్మింది అదే.

ఇవాళ కూడా బాసికం సంగతి వదిలేసి రత్నం మానిటర్ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. పట్టీ పెట్టుకుంది. రెండో పట్టీ చైత్ర జడలో పూల కింద ఉంది.

"రత్నంగారూ, మీరు మొదలెట్టండి" అన్నాడు గిరిధర్.

కళ్ళు మూసుకుంది. గుడివాడలో ఆడపడుచు సుగుణ ఇల్లు. వసారాలో పీటలు. ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు లహరి. అప్పటికి రత్నం భర్త వీరాస్వామి షూటింగులో లైట్లు కడుతూ పైనుంచి పడి, నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లు గడవాలంటే రత్నం పొద్దున్నే సెట్టుకి పోవాలి. పిల్లని చూసేవాళ్ళు లేరు. పిల్లలు లేని సుగుణ ముందు "కొన్నాళ్ళు నా దగ్గరుంచు వదినా" అంది. కొన్నాళ్ళయ్యాక "ఇచ్చేయి వదినా" అంది. దత్తత ఇచ్చేశారు. పురోహితుడు చెప్పినప్పుడు రత్నం పిల్లని ఎత్తి సుగుణ ఒళ్ళో కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి లహరికి సుగుణ అమ్మ, రత్నం అత్త.

ఒడి తేలికైపోయిన ఆ క్షణాన్ని రత్నం తల్చుకుంది. అటు చైత్ర పాలపళ్ళెంలో చేతులు ముంచి అత్తగారి చేతులకి అద్దుతూ ఒక్కసారిగా భోరుమంది. లైట్‌బాయ్‌లు కూడా తలలు తిప్పుకున్నారు.

"అద్భుతం! ఇప్పుడు క్లోజ్‌లో ఇంకోసారి."

సీరియల్లో ఏడుపు ఒక్కసారితో పోదు. ముందు దూరం నుంచి తీస్తారు, తర్వాత దగ్గర నుంచి. ఆ తర్వాత పిడుగు పడ్డ చప్పుడుతో కెమెరా మొహం మీదికి మూడుసార్లు దూసుకొస్తుంది. ఆ మూడింటికీ మూడు ఏడుపులు కావాలి. తర్వాత అత్తగారు ఉలిక్కిపడాలి, ఆవిడ ఉలిక్కిపడడం చూసి ధరణి మళ్ళీ ఏడవాలి, అది చూసి మేనమామ కండువా నోట్లో కుక్కుకోవాలి. పాలపళ్ళెంలో పాలు విరిగిపోయి రెండుసార్లు మార్చారు. అన్నిసార్లూ రత్నం కళ్ళు మూసుకుని గుడివాడ వెళ్ళి, పిల్లని ఇచ్చేసి వచ్చింది. రేటింగ్ పెరిగిందని అప్పగింతలని వారాల తరబడి సాగదీశారు. అన్ని వారాలూ ఇచ్చేస్తూనే ఉంది.

అలాంటి ఒక రోజు భోజనాల దగ్గర పెరుగన్నం కలుపుకుంటుంటే ఆమెకో సంగతి తట్టింది. లహరి ఆ రోజు వేసుకున్న గౌను గుర్తుంది. ఊదారంగు, మెడ దగ్గర తెల్ల లేసు. పీట కోడు ఒకటి పొట్టిదై కదలడం గుర్తుంది. అన్నీ ఎదురుగా పెట్టినట్టు ఉన్నాయి. కానీ గుండెలో ఏమీ లేదు. ఎవరింట్లోనో జరిగింది చూసొచ్చినట్టుంది.

ఆకలి మాత్రం బాగా వేసింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది.

*

"ఏమే, నువ్వు గుర్రు పెడుతున్నావు తెలుసా?" అన్నాడు వీరాస్వామి పొద్దున్నే కాఫీ అందుకుంటూ. నడుం బాగుపడ్డా ఊతకర్ర లేకుండా నడవలేడు. కృష్ణానగర్లో ఆ రెండు గదుల ఇల్లే ఆయన లోకం.

"చాల్లెండి."

"ఒట్టు. ఇదివరకు రాత్రి ఎప్పుడు లేచినా నువ్వు పైకప్పు చూస్తూ ఉండేదానివి. ఇప్పుడు రోడ్డు రోలర్ నడుస్తోంది."

"నిద్ర పడుతోందండీ. ఇన్నేళ్ళకి పడుతోంది. అది కూడా తప్పేనా?"

చెల్లెలు సుగుణకి మాటిచ్చింది తనే గనక ఆయన ఆ విషయం దరిదాపులకి వచ్చినప్పుడల్లా కాఫీ గ్లాసులోకి చూస్తాడు.

నిద్ర ఎంత హాయో రత్నం మర్చిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఒళ్ళు ఎప్పుడూ ఒక బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఫోను మోగితే గుండె దడ. మోగకపోయినా దడే. ఇప్పుడు దిండు మీద తల పెడితే తెల్లారేది. జరిగింది మంచికేనేమో అని కూడా అనుకుంది.

ఆ వారమే లహరి వచ్చింది. పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు బందరువాడు, తనలాగే బళ్ళో టీచరు. శుభలేఖ ఇచ్చి, చీరలు కొనుక్కుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలని వచ్చింది. రత్నం వెంట తిరిగింది, బేరం చేసింది, టమాటాపప్పు చేసి పెట్టింది. బస్టాండుకి వెళ్ళి సంచులు పైన సర్దింది. కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడింది.

ఈ నిలబడడం వాళ్ళిద్దరికీ అలవాటైపోయిన తంతు. బస్సు కదలబోతుండగా రత్నానికి కళ్ళు నిండేవి. "అబ్బా అత్తా, అందరూ చూస్తున్నారు" అని లహరి విసుక్కునేది. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి మాత్రం బయటే ఉంచేది.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. రత్నం నవ్వుతూ చెయ్యి ఊపింది. రేపటి షూటింగుకి పట్టుచీర ఇస్త్రీ అయిందో లేదోనని ఆలోచిస్తోంది.

లహరి కిటికీలోంచి అలాగే చూసింది. చటుక్కున లేచి బస్సు దిగి వచ్చేసింది.

"ఏమైంది అత్తా నీకు?"

"ఏమైంది? ఏం కాలేదే!"

"నీకీ సంబంధం నచ్చలేదా?"

"పిచ్చిపిల్లా, బంగారంలాంటి కుర్రాడు. ఎక్కు, బస్సు పోతుంది."

"మరి ఏడవలేదేం?"

ఆ అడగడంలో కోపముంది, సిగ్గూ ఉంది. అడిగి తనే తడబడింది. ఇంతకాలం ఆ పిల్ల విసుక్కున్నదంతా పైపైకేనని రత్నానికి తెలిసింది. తెలిసింది గానీ తగల్లేదు. మనసుకు తెలుస్తూనే ఉంది, ఒంటికి తెలియడం లేదు.

"ఏమ్మా, వచ్చేదుందా లేదా?" అని కండక్టరు తలుపు మీద కొట్టాడు. లహరి వెళ్ళి కూర్చుంది. ఈసారి చెయ్యి బయట పెట్టలేదు.

*

"ఎన్నిసార్లు తీశారన్నారు?" మృణాళిని రెండోసారి అడిగింది.

"లెక్క పెట్టలేదమ్మా. ఒక్కో ఏడుపుకి దూరం నుంచి, దగ్గర నుంచి, మూడు దూకుళ్ళు, రియాక్షన్లు... రోజూ అదే."

మృణాళిని కుర్చీలో వెనక్కి వాలిపోయింది. నిద్రలేని కళ్ళు, నలిగిన కాటన్ చీర. ల్యాబులో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మేము పరీక్షించినప్పుడు ఒక మనిషి ఒక సంగతిని ఒక్కసారే ఇచ్చారమ్మా. నెల తర్వాత ఇంకోసారి. మధ్యలో మనసు దాన్ని మళ్ళీ ఊరించుకుంటుంది, బావిలో నీరు ఊరినట్టు. పెళ్ళి సీను అంటే ఒక పూట పని అనుకుని సంతకం పెట్టాను. నేను సీరియళ్ళు చూడను."

"సీరియల్లో పెళ్ళంటే ఒక పూట ఏమిటమ్మా, ఒక కాపురం" అంది రత్నం. పరిహాసంగా అనలేదు, ఉన్నమాటే చెప్పింది.

"తప్పు నాది. ఊరే తీరిక లేకుండా తోడేశాం."

"మళ్ళీ ఊరదా?"

"అడుగంటాక ఊరదు." ఆవిడ మళ్ళీ ముందుకు వంగింది. "అది పోలేదు. చైత్రలో ఉంది. ఆమె ఇష్టపడితే పట్టీలు మార్చి వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఇన్ని వారాలు ఆమెలో ఉందిగా. ఆమె సొంత బాధలు కూడా అందులో కలిసిపోయి ఉంటాయి. పాలలో నీళ్ళు కలిశాక మీ పాలు మీకిస్తానని చెప్పలేను. ఏం వస్తుందో నాకూ తెలీదు."

రత్నం చేతి సంచి పిడి నలుపుతూ కూర్చుంది.

"తీసుకోకపోతే?"

"ఇలాగే ఉంటారు. నిద్ర పడుతుంది. ఆకలేస్తుంది." నెమ్మదిగా అంది, "నిజం చెప్పాలంటే, అది తీసెయ్యమని అడిగేవాళ్ళే ఎక్కువమ్మా. తిరిగి ఇమ్మని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు."

ఇంటికెళ్ళే బస్సులో రత్నం ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. ఆ బరువు మళ్ళీ ఎందుకు నెత్తికెత్తుకోవాలి? ఇరవై ఏళ్ళు మోసింది చాలదూ? పెళ్ళికెళ్తే అక్షింతలు వేసి, భోజనం చేసి, హాయిగా తిరిగి రావచ్చు. లహరి తన గడప దాటిపోవడం కాదుగా అది, సుగుణ గడప.

అంతలోనే బస్సు దిగి వచ్చి నిలబడిన ఆ పిల్ల మొహం గుర్తొచ్చేది. ఆ పిల్లకి తన దగ్గర దొరికేది ఇన్నాళ్ళూ అదొక్కటే. అన్నం సుగుణ పెట్టింది, చదువు సుగుణ చెప్పించింది, జ్వరమొస్తే సుగుణే మేలుకుంది. కిటికీ దగ్గర కార్చిన ఆ నాలుగు చుక్కలే తను ఇచ్చినవి. అవీ ఇప్పుడు ఏ ఇంటి టీవీలోనో కారుతున్నాయి.

*

చైత్ర మేకప్ గదిలో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రత్నం చీర కుచ్చిళ్ళు సర్దుతుంటే చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"రత్నమ్మా, ఒకటి అడిగేదా?"

"అడుగమ్మా."

"ఆ పాప పేరు ఏమి?"

రత్నం చేతిలో పిన్నీసు ఆగిపోయింది. "పాప అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకి ఒళ్ళు తేలిక అవుతుంది. ఇక్కడ." తన ఒడి చూపించింది. "నిన్న లిఫ్ట్‌లో ఎవరిదో చిన్న పాప. చూసి ఎంత ఏడ్చినానో. వాళ్ళమ్మ భయపడి పాపని వెనక్కి లాక్కుంది. నాకి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఎవరి కోసం ఏడుస్తున్నానో చెప్తే... మొహం తెలిస్తే కొంచెం బాగుంటుందేమో."

రత్నం తలుపు దగ్గరగా వేసి వచ్చి స్టూలు మీద కూర్చుంది. చెప్పింది. భర్త పడిపోవడం దగ్గర్నుంచి పీటల దాకా. ఊదారంగు గౌను, తెల్ల లేసు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది, ఎక్కడా గొంతు వణకలేదు. ఆమె ఒక్కో మాట చెబుతుంటే ఆ మాటకి తగ్గ ఏడుపు చైత్ర ఏడ్చింది. ఒకరి దగ్గర కథ ఉంది, ఇంకొకరి దగ్గర కన్నీళ్ళున్నాయి. అటుగా వెళ్ళేవాళ్ళెవరైనా చూసి ఉంటే బిడ్డనిచ్చింది చైత్ర అనుకుని ఉండేవాళ్ళు.

"లహరి" అంది చైత్ర మొహం తుడుచుకుంటూ. "చాలా మంచి పేరు."

"వచ్చే వారం దాని పెళ్ళి. నాది నాకు కావాలమ్మా. ఇస్తావా?"

చైత్ర వెంటనే ఔననలేదు. అద్దంలో తనని తాను చూసుకుంది. "ఇచ్చేస్తే నాకి మళ్ళీ ఏడుపు రాదు. ఈ ఏడుపుతోనే నేను ఆర్టిస్ట్ అని పేపర్లో వేసినారు."

"తెలుసమ్మా."

"ముందు నాకి ఏడుపు ఎందుకు రాలేదో తెలుసా? మా అజ్జి నన్ను పెంచింది. నాన్నమ్మ. చిన్నప్పుడు నన్ను హాస్టల్‌కి బస్సు ఎక్కించేటప్పుడు నేను ఏడుస్తే ఆవిడ బతకదు అని పళ్ళు బిగించినాను. తర్వాత ఈ సీరియల్ మొదట్లో ఆవిడ పోయింది. అప్పుడు షూటింగ్ అవుట్‌డోర్, పంపలేదు. అప్పుడూ బిగించినాను. అది అలాగే గట్టిపడిపోయింది. మీ ఏడుపు వచ్చి దాన్ని కరిగించింది." అద్దం వదిలి రత్నం వైపు తిరిగింది. "ఇస్తాను. రేపు ఓడ ఎక్కే సీన్ అవగానే."

కానీ మర్నాడు ఓడ ఎక్కే సీన్ అవగానే గిరిధర్ చప్పట్లు కొడుతూ వచ్చాడు. "ఛానల్ నుంచి ఫోనమ్మా! ధరణి ఓడ ఎక్కింది కదా, దిగుతుంది."

"దిగుతుందా? ఎందుకు?" అన్నాడు కెమెరామన్.

"పసుపుకుంకుమ పొట్లం మర్చిపోయింది. దిగి వస్తుంది, తల్లిని చూస్తుంది, మళ్ళీ అప్పగింతలు. ఇంకో రెండు వారాలు. రత్నంగారూ, కుర్చీ వేయిస్తున్నా!"

"నా దగ్గరేమీ లేదండీ" అంది రత్నం. "అయిపోయింది."

"అయిపోవడమేమిటి?"

చైత్ర హెల్మెట్ తీసి గిరిధర్ చేతిలో పెట్టింది. "సార్, మా అజ్జి పోయినప్పుడు మీరు లీవ్ ఇవ్వలేదు. ఇప్పుడు నేనే తీసుకుంటా." ఎవరు పిలుస్తున్నా వినకుండా రత్నం చెయ్యి పట్టుకుని కారిడార్లోకి నడిచింది. అక్కడ మృణాళిని పెట్టె పట్టుకుని అప్పటికే నిలబడి ఉంది.

పట్టీలు మార్చారు. ఇచ్చేది చైత్ర, పుచ్చుకునేది రత్నం. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత రత్నం ఛాతీలో ఎక్కడో బరువు పడింది. మోయడానికి అలవాటైన బరువే అనుకుంది. కానీ అది ఎప్పుడూ ఉండే చోట లేదు, ఒళ్ళోనూ లేదు. గొంతులో ఉంది. పళ్ళు బిగిస్తే ఎక్కడ పడుతుందో అక్కడ.

"వచ్చిందా అమ్మా?" మృణాళిని ఆత్రంగా అడిగింది.

"ఏదో వచ్చింది" అంది రత్నం. "నాదో కాదో తెలీడం లేదు."

చైత్ర కళ్ళు తుడుచుకుని, పొడిగా ఉన్న చేతులకేసి ఆశ్చర్యంగా చూసుకుంది.

*

గుడివాడ కళ్యాణమంటపంలో సన్నాయి శ్రుతి మారగానే ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకున్నారు. పళ్ళెంలో పాలు పోశారు. సుగుణ, ఆమె భర్త పీటల పక్కన నిలబడ్డారు. రత్నం దూరంగా, బంధువుల వెనక వరసలో నిలుచుంది. అప్పగింతలు పెంచినవాళ్ళు చెయ్యాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు, ముందుకు రమ్మని ఎవరూ పిలవరని కూడా తెలుసు.

వీరాస్వామి కర్ర మీద బరువు మోపి పక్కనే ఉన్నాడు. "కూర్చోరాదూ" అన్నాడు.

"ఫర్వాలేదండీ."

లహరి పాలల్లో చేతులు ముంచి అత్తగారి చేతులకి అద్దింది. సుగుణ ఏడుస్తూ మాట పూర్తి చెయ్యలేకపోయింది. ఇప్పుడు వస్తుంది, ఒడి తేలికైన ఆ బాధ ఇప్పుడు వస్తుంది అని రత్నం ఎదురుచూసింది.

వచ్చింది. కానీ అది ఇచ్చేదాని బాధ కాదు.

ఎవరో తనని చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నట్టనిపించింది. చుట్టూ అందరూ పెద్దవాళ్ళు. మొహాలు కనపడవు, అన్నీ పైన ఎక్కడో ఉన్నాయనిపిస్తోంది. తెలిసిన చెయ్యి ఒకటి వెనక ఉండిపోతోంది. ఏడిస్తే ఆ చెయ్యి గల మనిషి తట్టుకోలేదని నోరు గట్టిగా మూసుకోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే కాళ్ళు కదలవు.

రత్నం గోడకి చేరగిలబడింది. ఇన్నేళ్ళూ ఆ వసారాలో తన ఒడినే చూసుకుంది. ఒళ్ళోంచి లేచి వెళ్ళినదాన్ని ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు పిల్ల గొడవ చెయ్యలేదని, బుద్ధిగా సుగుణ ఒళ్ళో కూర్చుందని అందరూ మెచ్చుకున్నారు. తనూ కొంత ఊరట పడింది. బుద్ధి కాదది. పళ్ళు బిగించడం.

వెక్కిళ్ళు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పక్కవాళ్ళు తిరిగి చూశారు. "పాపం, ఎంతైనా కన్నకడుపు" అంది ఎవరో ముసలావిడ.

జనాన్ని తప్పించుకుంటూ లహరి ఆమె దగ్గరికి వచ్చింది. చేతుల నుంచి పాలు ఇంకా కారుతున్నాయి.

"ఊరుకో అత్తా. అందరూ చూస్తున్నారు." ఆ గొంతులో విసుగు లేదు, నిమ్మళం ఉంది. తనకి రావలసింది తనకి వచ్చిందని మొహంలో తెలిసిపోతోంది. ఈ కన్నీళ్ళు తనను పంపలేక పెట్టినవనుకుంటోంది.

రత్నానికి కాదని చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎన్ని చెప్పాలి? పట్టీలు, పెట్టె, హాసన్‌లో ఎప్పుడూ చూడని ఒక ముసలమ్మ. అవన్నీ వదిలేసి ఒక్కటే అడిగింది. ఎన్నడూ అడగనిది.

"ఆ రోజు నీకు భయమేసిందా అమ్మా?"

ఏ రోజని లహరి అడగలేదు. బొట్టు చెదిరిన నుదురు కొద్దిగా ముడిపడింది. వెనక నుంచి పెళ్ళివారు పిలుస్తున్నారు, కారు హారన్ కొడుతున్నారు. ఆమె వెళ్ళలేదు.

"వేసింది" అంది చివరికి. "చాలా వేసింది."

"నేను అడగలేదు."

"అడగలేదు."

అంతే. లహరి తడిచేతులు రత్నం చేతుల్లో పెట్టింది. పాలు ఆమె మణికట్టు మీదుగా కారి చీర అంచుని తడిపాయి. ఇది ఆచారంలో లేని సంగతి కాబట్టి పురోహితుడు చూడనట్టు తల తిప్పుకున్నాడు. కాసేపటికి సుగుణ వచ్చి ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, "వదినా, వర్జ్యం వచ్చేస్తోంది" అని మెల్లగా విడదీసింది.

కారు వెళ్ళిపోయింది. మంటపంలో కుర్చీలు మడుస్తున్న చప్పుడు మొదలైంది. రత్నం మెట్టు మీద కూర్చుంది. వీరాస్వామి కర్ర పక్కన పెట్టి, అవస్థ పడుతూ ఆమె పక్కనే దిగాడు.

"ఇంక నిద్ర పట్టదేమో నీకు" అన్నాడు.

"పట్టదండీ" అంది రత్నం. చేతులు తుడుచుకోలేదు.